గీత బయట పావంగుళం

"రెండు వేల రెండు వందల అరవై!"

టైలరమ్మ గొంతు చించుకుని అరిచింది. ఇంజిన్ రొదలో ఆ అరుపు ఆమెకే వినపడలేదు. చివరికి జేబులోంచి సుద్దముక్క తీసి, నల్లపలక మీద అంకె రాసి, నెత్తిమీదికి ఎత్తి పట్టుకుంది.

విమానంలో కూర్చున్న తమ్ముడు పలక చూసి మొహం చిట్లించాడు. ఇంకోసారి చూడమని సైగ చేశాడు.

ఆమె చేతిలోని చిన్న మీటరుని మళ్లీ ప్రొపెల్లర్ వైపు గురిపెట్టింది. నిమిషానికి అది ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే మీటరు అది. మళ్లీ అదే అంకె.

విమానం తోకని లావుపాటి తాడుతో ఇనుప స్తంభానికి కట్టేశారు. చక్రాల ముందు చెక్కదుంగలు పెట్టారు. నాలుగు సిలిండర్లూ ఉన్న బలమంతా పెట్టి ముందుకు లాగుతుంటే తాడు బిగుసుకుపోయి వణుకుతోంది. కాస్త దూరంలో గొంతుక్కూర్చున్న ఆమె భర్త పలకనీ చూడటం లేదు, తాడునీ చూడటం లేదు. పల్చటి పొగ బిళ్లలా తిరుగుతున్న ప్రొపెల్లర్ మీదే ఉన్నాయి ఆయన కళ్లు. వడ్రంగి పనిలో ముప్ఫై ఏళ్లున్న మనిషి తొమ్మిది నెలలు కూర్చుని చెక్కిన ప్రొపెల్లర్ అది.

ఇంజిన్ ఆగింది. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఎంతక్కా?" అన్నాడు తమ్ముడు, తెలిసీ.

"పలక మీద రాశాను కదరా."

"అది అరవయ్యా, తొంభయ్యా? నీ రాత నీకే అర్థం కాదు."

"అరవై."

"మీటరు సరిగ్గా పట్టుకున్నావా?" భర్త అడిగాడు.

"సూదిలో దారం ఎక్కించే చెయ్యండీ ఇది. మీటరు పట్టుకోలేనా?"

ఎవరూ నవ్వలేదు. కావలసింది రెండు వేల నాలుగు వందలు. నిలబెట్టి కట్టేసిన విమానం ఫుల్ పవర్ ఇచ్చినప్పుడు కనీసం అన్ని చుట్లు తిరగాలి. తిరగలేదంటే ప్రొపెల్లర్ ఇంజిన్‌కి మించిన బరువైపోయిందని అర్థం. టాప్ గేరులో ఘాటు రోడ్డు ఎక్కే లారీలా, ఇంజిన్ మూలుగుతుందే తప్ప బలమంతా బయటికి రాదు.

ఆ బలమంతా బయటికి రావాల్సిందే. ఎందుకంటే రన్‌వే చివర చెట్లున్నాయి.

*

ఆ విమానం వయసు ఆరేళ్లు. కార్ల మెకానిక్ అయిన తమ్ముడు, గుద్దుకుని తుక్కయిపోయిన కారులోంచి నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒకటి బయటికి తీసిన రోజున అది పుట్టింది. ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నవాడు. నడపడం వచ్చు, ఇంజిన్ వచ్చు, మిగతాది అక్కా బావల నెత్తిన పెట్టాడు. బావ రెక్కల లోపలి చట్రం కట్టాడు. అక్క వాటికి బట్ట తొడుగు కుట్టింది. వీధిలో వాళ్లు "టైలరమ్మా, మీ తమ్ముడి ఫ్యాను ఎప్పుడు తిరుగుతుంది?" అని అడిగేవాళ్లు. "మీ జాకెట్టు అయ్యేలోపే," అనేది ఆమె. రెండూ ఎప్పటికీ అయ్యేవి కావు.

ప్రొపెల్లర్ దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు పుస్తకంలోంచి అరచేయంత డ్రాయింగు తెచ్చాడు. దాన్ని అసలు సైజుకి పెంచి బ్రౌన్ పేపర్ మీద అచ్చు తీసింది అక్క. మనిషి కొలతలు కాగితం మీదికి, కాగితం మీంచి బట్ట మీదికి ఎక్కించడం రోజూ ఆమె చేసే పనే. ఆమె కత్తిరించిన అచ్చుని చెక్క మీద పెట్టి బావ చెక్కాడు. తమ్ముడు వచ్చి పొడవు కొలిచాడు, చివర కాస్త ఎక్కువుంటే కోయించాడు, బ్లేడు వంపుని కోణాల స్కేలుతో అంగుళం అంగుళం చూసుకున్నాడు. అన్నీ సరిపోయాయి.

ఇప్పుడు చుట్లు సరిపోవటం లేదు.

ఇది మంగళవారం. గురువారం పది గంటలకి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆయన సంతకం పెడితేనే విమానం లేస్తుంది. నెలాఖరుకి ఈ రన్‌వే మూసేసి గోదాములు కడతారు. ఆయన మళ్లీ రావడానికి రెండు నెలలు. ఈలోపు విమానాన్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్లాలంటే రోడ్డు మీదే తీసుకెళ్లాలి. రెక్క మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే ముక్క. రోడ్డెక్కించాలంటే మధ్యలో రంపం పెట్టాలి.

అంటే గురువారమే ఎగరాలి. గాలి ఎప్పుడూ చెట్ల వైపు నుంచే వీస్తుంది కాబట్టి చెట్ల వైపే ఎగరాలి.

తమ్ముడు నోట్‌బుక్కులో లెక్క వేశాడు. వేసి పుస్తకం మూసేశాడు.

"చూపించరా," అంది అక్క.

"ఏముందిలే."

ఆమె లాక్కుని చూసింది. రెండు వేల నాలుగు వందల చుట్లయితే చెట్ల చిటారు కొమ్మకీ చక్రాలకీ మధ్య నలభై అడుగులు. రెండు వేల రెండు వందల అరవై అయితే మూడడుగులు.

"మూడడుగులా?"

"మూడడుగులంటే తక్కువా అక్కా? నీ కటింగ్ టేబుల్ ఎత్తు."

*

షెడ్డు గోడకి ఆనించి ఇంకో ప్రొపెల్లర్ ఉంది. పురుగుమందు చల్లే విమానం ఆయన అరువిచ్చినది. తెల్లటి లోహం, అద్దంలా మెరుపు. మధ్యాహ్నం ఆరు బోల్టులు విప్పి చెక్కదాన్ని దించారు, లోహందాన్ని ఎక్కించారు. తాడు కట్టారు. టైలరమ్మ పలక పట్టుకుంది.

రెండు వేల నాలుగు వందల ముప్ఫై.

"అదీ!" అన్నాడు వడ్రంగి. అవసరానికి మించి గట్టిగా అన్నాడు. "ఇనుము ఇనుమే."

"అల్యూమినియం బావా."

"ఏదో ఒకటి. చెక్క కానిది. ఇంకేం, అదే బిగించెయ్."

తమ్ముడు లోహం బ్లేడుని వేలితో తట్టి చూశాడు. కారు ఇంజిన్‌కి ఈ లోహం నప్పదేమో అన్నట్టు ఏదో గొణిగాడు. బావ వినిపించుకోలేదు. తన ప్రొపెల్లర్ని గోనెపట్టాలో చుట్టుకుని, సామాను వ్యానులో పెట్టుకుని, ఇంటికి తీసుకెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక తమ్ముడు అక్క పక్కన నూనె డబ్బా మీద కూర్చున్నాడు.

"అక్కా, నేను బావ ప్రొపెల్లర్‌తోనే ఎగురుతాను."

"మూడడుగుల్లోనా? పిచ్చా నీకు? బావ ఏమనుకుంటాడోననా?"

"అది కొంచెం. అసలు సంగతి వేరే ఉంది." అరచేతిలో పిడికిలితో నాలుగు సార్లు గుద్దుకున్నాడు. "మన ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా ప్రొపెల్లర్ మీద ఒక్కో దెబ్బ పడుతుంది. చెక్క ఆ దెబ్బని మింగేస్తుంది. లోహం మింగదు, లోపల దాచుకుంటుంది. ఇది వేరే ఇంజిన్ కోసం చేసింది. మన దానికి ఎన్నాళ్లు తట్టుకుంటుందో ఎవరూ చూడలేదు. ఏడాది తిరగొచ్చు, గంటలో పగలొచ్చు. చివర జానెడు ముక్క ఊడిందంటే ఆ అదురుకి ఇంజినే ఊడి కింద పడుతుంది."

"మరి బావకి చెప్పరా!"

"చెప్పాను. వినిపించుకుంటేగా! తన మనసు నొప్పించలేక లోహానికి వంకలు పెడుతున్నాననుకుంటున్నాడు. సగం పెట్రోలే పోస్తాను. సీటు దిండు తీసేస్తాను. చెట్లున్నాయి కదా, ఎందుకైనా మంచిదని నాలుగు రోజుల్నుంచే రాత్రి తిండి కూడా మానేశాను, బరువు తగ్గుతానని."

"అందుకా మొహం అలా పీక్కుపోయింది! నేనింకా ఎవరైనా అమ్మాయి కాదందేమో అనుకున్నాను."

"నవ్వకక్కా."

ఆమె నవ్వడం లేదు.

*

ఆ సాయంత్రం భర్త కంచం ముందు కూర్చుని అన్నాన్ని కెలుకుతూ ఉండిపోయాడు.

"నువ్వు చెప్పు వాడికి," అన్నాడు. "నీ మాట వింటాడు. లోహందే పెట్టుకోమను."

"వాడికి ఆ లోహం అంటే భయంగా ఉందండీ. పగులుతుందట."

"నాకు తెలీదా వాడి సంగతి? చిన్నప్పుడు నేను చేసిచ్చిన బొంగరం తిరక్కపోతే, నేల బాగాలేదు బావా అన్న రకం వాడు. నా కోసం చెట్లకి గుద్దుకుంటాడే వాడు." ఆయన కంచం పక్కకి నెట్టాడు. "తొమ్మిది నెలలు చెక్కాను. మనిషిని మోసుకెళ్లలేనిది ఎంత నున్నగా చెక్కితే ఏం లాభం? అసలది లేకపోతే వాడికి వేరే దారే ఉండదు."

ఆ చివరి మాటని టైలరమ్మ అప్పుడు పట్టించుకోలేదు. ఆమె ఆలోచన అంతా మూడడుగుల మీదే ఉంది. లోహమైతే పగలొచ్చు, చెక్కయితే గుద్దుకోవచ్చు. తమ్ముడికి రెండు దారులున్నాయి, రెండింటి చివరా గొయ్యి ఉంది.

*

బుధవారం పొద్దున ఆమెకి చేతులు ఊరుకోలేదు. దిగులు పడ్డప్పుడు కొందరు పడుకుంటారు, కొందరు పోట్లాడతారు. ఆమె కుడుతుంది. ఎలాగూ చెక్క ప్రొపెల్లర్‌కి ఎండా వానా తగలకుండా తొడుగు కావాలి. రెక్కలు కుట్టగా మిగిలిన బట్ట ఉంది. అటక మీంచి బ్రౌన్ పేపర్ అచ్చు దించి, బట్ట మీద పరిచి, కాగితం మీదున్న పెన్సిల్ గీతని గుండుసూదులతో బట్ట మీదికి దించుకుంది. పైనా కిందా రెండు పొరలు. బ్లేడు మందానికి మధ్యలో పట్టీ. గీత మీద కుట్టు, గీత బయట కత్తెర. చొక్కా అయినా, రెక్క అయినా అదే పద్ధతి.

ఎనిమిదిన్నరకల్లా ఒక బ్లేడు తొడుగు తయారైంది. ఇంటి వెనక భర్త పనిశాలలోకి తీసుకెళ్లింది. ఆయన ఇంకో గదిలో ఏదో వెతుకుతున్నాడు. బల్ల మీదున్న ప్రొపెల్లర్‌కి తొడుగు చివర నుంచి ఎక్కించింది.

జానెడు ఎక్కి ఆగిపోయింది.

లాగింది. ఎక్కలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే కుట్టు చిటుక్కుమంది.

ఆమెకి ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లలో ఆమె కుట్టింది బిగుతైందన్న మనిషి లేడు. వదులైందన్నవాళ్లే అందరూ. "నీ చేతి చొక్కాలో నేనూ మా బామ్మర్దీ ఇద్దరం పడతాం," అని భర్త ఎన్నోసార్లు అన్నాడు. అలాంటిది ఒక చెక్కముక్కకి బిగుతు కావడమేమిటి?

ముందుగదిలోకి వచ్చి కుట్లన్నీ విప్పింది. గీత మీద వేలు పెట్టి చూసుకుంది. కుట్టు గీత మీదే ఉంది, నూలు పోగంత కూడా జరగలేదు. గీత తప్పేమోనని కాగితం తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది.

పెన్సిల్ గీత. గీత బయట కాగితం అంచు. రెండింటికీ మధ్య చుట్టూతా ఒకే వెడల్పున ఖాళీ.

టేపు పెట్టింది. పావంగుళం.

కుట్టు కోసం వదిలే మార్జిన్ అది! రెక్కల తొడుగులు కత్తిరించిన వారంలోనే ఈ అచ్చు కూడా కత్తిరించింది. అలవాటైన చెయ్యి గీత బయటే పోయింది. ఆమె పనిలో గీతే కొలత, అంచు వట్టి అదనం. వడ్రంగి పనిలో కాగితం అంచే కొలత. ఆయన అంచు పట్టుకుని చెక్కాడు. బ్లేడు అటు పావు, ఇటు పావు, మొత్తం అరంగుళం వెడల్పెక్కువ. తమ్ముడు పొడవు కొలిచాడు, వంపు కొలిచాడు. పొడవు ఎక్కువుంటే కోయించాడు కూడా, ఎందుకెక్కువైందని అడగలేదు. వెడల్పు ఎవరూ కొలవలేదు. అక్క కత్తిరించింది కదా, ఎవరు కొలుస్తారు?

ఇంజిన్ మూలిగింది ఆ అరంగుళం మొయ్యలేకే. తప్పు చెక్కదీ కాదు, చెక్కినవాడిదీ కాదు.

"ఏమండీ!" అంటూ కాగితం పట్టుకుని వెనక్కి పరుగెత్తింది.

బల్ల ఖాళీగా ఉంది. ప్రొపెల్లర్ లేదు. బయట వ్యాను లేదు. గోడకి వరసగా తగిలించిన పనిముట్లలో ఒక మేకు బోసిగా ఉంది. పెద్ద రంపం మేకు అది.

అసలది లేకపోతే వాడికి వేరే దారే ఉండదు.

అప్పుడు అర్థమైంది ఆ మాట. ఇంట్లో కోస్తే ఆమె ఆపుతుందని షెడ్డుకే తీసుకెళ్లి ఉంటాడు.

*

ఫోను చేసింది. ఆయన ఫోను పనిశాల బల్ల మీద చెక్కపొట్టులోంచి మోగింది. తమ్ముడికి చేసింది.

"ఒరేయ్, మీ బావ ప్రొపెల్లర్ కోసేస్తున్నాడు! షెడ్డుకి రా!"

"కోసేయడమేంటి? ఎందుకు?"

"నువ్వు లోహందే పెట్టుకోవాలని! ప్రశ్నలు తర్వాత, ముందు రా!"

స్కూటర్ తీసింది. కాగితాన్ని మడత పెట్టకుండా చుట్టి మెడలో టేపుతో కట్టుకుంది. షెడ్డుకి ఏడు కిలోమీటర్లు. మూడో కిలోమీటరులో రైల్వే గేటు ఆమె కళ్ల ముందే కిందికి దిగింది.

గూడ్సు బండి. ఆమె పెట్టెలు లెక్కపెట్టింది. పది. ఇరవై. అడ్డంగా కోస్తే ఎంతసేపు పడుతుంది? ఆయన చేతికి పది నిమిషాలు చాలు. ముప్ఫై. అయినా ఆయన వెంటనే కొయ్యడు. ముందు ఒకసారి చేత్తో నిమురుతాడు. కుర్చీ కాలు పారేసేముందు కూడా నిమిరే మనిషి. నలభై. నిమరాలి దేవుడా, ఇవాళ బాగా నిమరాలి. నలభై ఏడు.

గేటు సగం లేవగానే తల వంచి దూసుకుపోయింది. గేటు మనిషి ఏదో తిట్టాడు. అది ఆమెకి చేరలేదు.

షెడ్డు తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల్నుంచి చప్పుడు. కర్ర్... కర్ర్...

స్కూటర్ని కింద పడేసి తలుపు తోసింది.

రెండు స్టూళ్ల మీద ప్రొపెల్లర్. దాని మీద భర్త మోకాలు. చేతిలో రంపం. రంపం పళ్లు బ్లేడు అంచులోకి దిగి ఉన్నాయి.

"ఆగండి!"

ఆయన తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు మధ్యలో రాకే. నన్ను కొయ్యనీ. ఇది ఉన్నంతకాలం వాడు..."

"కొయ్యండి," అంది ఆమె రొప్పుతూ. "కానీ నేను గీసిన గీత మీద కొయ్యండి."

ఆయన అర్థంకానట్టు చూశాడు. ఆమె కాగితం విప్పి బ్లేడు మీద పరిచింది. కాగితం అంచు చెక్క అంచుకి సరిగ్గా సరిపోయింది. దాని లోపల పావంగుళం దూరంలో, బ్లేడు పొడవునా, పెన్సిల్ గీత.

"ఇదీ మీరు చెక్కాల్సిన బ్లేడు. ఈ బయటదంతా కుట్టుకి వదిలిన మార్జిన్. అలవాటులో నేనే వదిలేశాను. మీ చేతిలో ఏ తప్పూ లేదు. తప్పు నా కత్తెరది." చెప్పాలనుకున్నది ఇంకా చాలా ఉంది. "నిన్నటి నుంచి మీరిద్దరూ పడ్డ బాధంతా నా వల్లేనండీ."

వడ్రంగి గీత మీద బొటనవేలి గోరు నడిపించాడు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా, నెమ్మదిగా. రంపం కోత దగ్గర గోరు ఆగింది. వంగి చూశాడు. కోత గీతని తాకలేదు. గీతకి ఇవతల, నూలు పోగంత దూరంలో ఆగి ఉంది.

"ఇంకొక్కసారి లాగి ఉంటే..." అన్నాడు.

రంపం పక్కన పెట్టి నేల మీద కూలబడ్డాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుంది ఆమె. దగ్గరికి వెళ్తే నవ్వు.

"మార్జిన్!" అన్నాడు. "ఎప్పుడైనా లావెక్కితే విప్పుకోవచ్చని చెక్కకి కూడా మార్జిన్ వదిలావా?"

అప్పుడే తమ్ముడు గ్రీజు చేతులతో పరుగెత్తుకొచ్చాడు. సంగతంతా విన్నాడు. నవ్వలేదు. బావ ఎదురుగా చతికిలబడ్డాడు.

"బావా, ఇది కోసేసినా నేను ఆ లోహందాన్ని నమ్మేవాణ్ణి కాదు. వేరే దారి లేదని ఎగిరేవాణ్ణేమో. ఎగిరుంటే అది గాల్లో పగిలేదేమో. లోహం వద్దని నీ మీద ప్రేమతో చెప్పలేదు నేను, నా ప్రాణం మీద ప్రేమతో చెప్పాను."

వడ్రంగి మొహంలో నవ్వు పోయింది. "అంటే నేను నిన్ను..."

"ఇంక వదిలెయ్ బావా. సాయంత్రందాకా టైముంది. చిత్రిక ఎక్కడ?"

*

ఆ రోజు ముగ్గురూ షెడ్డు దాటలేదు. వడ్రంగి గీతదాకా చిత్రిక పట్టాడు. ముందంచుని మళ్లీ గుండ్రంగా, వెనకంచుని మళ్లీ పల్చగా తీశాడు. పావుగంటకోసారి టైలరమ్మ టేపు పెట్టి వెడల్పు చూసింది. తమ్ముడు కోణాల స్కేలుతో వంపు మారలేదని చూసుకున్నాడు. రంపం కోత ఉన్న చెక్క పల్చటి చుట్టగా రాలి కింద పడింది. ఆమె దాన్ని ఎవరూ చూడకుండా జేబులో వేసుకుంది.

నాలుగింటికి, రెండు బ్లేడ్ల బరువూ సమంగా ఉందో లేదో చూడటానికి, ప్రొపెల్లర్ నడిమి రంధ్రంలో ఇనుప కడ్డీ దూర్చి, కడ్డీని రెండు స్టూళ్ల మధ్య పెట్టారు. ఒక బ్లేడు మెల్లగా కిందికి వాలింది. తేలికైన రెండో బ్లేడు చివర వార్నిష్ ఒక పూత వేశారు. ఇంకా వాలింది. ఇంకో పూత. మూడో పూతకి ప్రొపెల్లర్ ఎటు తిప్పి వదిలితే అటే నిలిచిపోయింది. పొద్దు వాలేసరికి పని అయింది. తమ్ముణ్ణి ఇంటికి లాక్కెళ్లి ఎదురుగా కూర్చుని తినిపించింది అక్క.

"బరువు పెరుగుతానక్కా."

"అరంగుళం చెక్క తగ్గింది. ఆ బరువు నువ్వు తిను."

*

గురువారం ఏడు గంటలకి ఆరు బోల్టులూ బిగించారు. తాడు కట్టారు. తమ్ముడు ఇంజిన్ పూర్తిగా తెరిచాడు. టైలరమ్మ మీటరు గురిపెట్టింది. ఈసారి ఆమె భర్త ప్రొపెల్లర్ని చూడటం లేదు. ఆమె మొహమే చూస్తున్నాడు.

ఆమె పలక ఎత్తింది. రెండు వేల నాలుగు వందల ఇరవై.

వడ్రంగి కళ్లు తుడుచుకున్నాడు. చెక్కపొట్టు పడిందన్నాడు. అక్కడ పొట్టు లేదు.

పది గంటలకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ మడతలా ఉన్న మనిషి. విమానం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ప్రొపెల్లర్ దగ్గర ఆగి, అంచు మీద వేలు పెట్టి వాసన చూశాడు.

"కొత్త వార్నిష్. నిన్న ఏం చేశారు?"

తమ్ముడు బావ వైపు చూశాడు. బావ భార్య వైపు చూశాడు. ఆమె ముందుకొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. కాగితం చూపించింది. రంపం సంగతి కూడా దాచలేదు.

ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తన టేపు తీసి రెండు బ్లేడ్లూ నాలుగేసి చోట్ల కొలిచాడు. తన మీటరుతో చుట్లు చూశాడు. తర్వాత ఫారం తీశాడు.

"నా ఉద్యోగంలో వెడల్పు కొలవడం ఇదే మొదటిసారి," అన్నాడు. "ఇకనుంచి కొలుస్తాను. ప్రొపెల్లర్ తయారు చేసిందెవరని రాయాలి?"

"మా ఆవిడ పేరు రాయండి," అన్నాడు వడ్రంగి.

"నా పేరెందుకు? చెక్కింది ఆయన."

"ఇద్దరిదీ రాయండి సార్," అన్నాడు తమ్ముడు సీట్లోంచి. "లేకపోతే సాయంత్రందాకా తేల్చరు."

ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడు.

టైలరమ్మ రన్‌వే పక్కన గడ్డిలో నిలబడింది. విమానం కదిలింది. పరుగెత్తింది. తోక లేచింది. ఆమె వేళ్లు మెడలోని టేపుని మెలిపెడుతున్నాయి. చక్రాలు ఇంకా నేల మీదే ఉన్నాయి. ఇంకా. ఇంకా. భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చేతి కాయలు ఆమె సూదిపోట్ల వేళ్లకి గరుగ్గా తగిలాయి.

చక్రాలు లేచాయి.

చెట్లు దగ్గరికొచ్చాయి. ముక్కు పైకెత్తి విమానం ఎక్కుతోంది. ఇంజిన్ మూలగటం లేదు, పాడుతోంది. ఆమె కళ్లు మూసుకోలేదు. తన కత్తెర చేసినదాన్ని తన కళ్లే చూడాలని నిలబడింది. చిటారు కొమ్మలు, వాటి పైన ఆకాశం ముక్క, ఆ ముక్క పైన తన కుట్టు కనపడేంత స్పష్టంగా రెక్క. మధ్యలో ఒక ఇల్లు పట్టేంత ఖాళీ.

"నలభై అడుగులు," అన్నాడు భర్త.

"నలభై అయిదు," అంది ఆమె. "మీకు కొలతలు తెలీవు."

ఇరవై నిమిషాల తర్వాత విమానం దిగింది. తమ్ముడు కిందికి దూకి బావని ఎత్తుకోబోయాడు, ఎత్తలేక ఇద్దరూ గడ్డిలో పడ్డారు. వాళ్లని అలా వదిలేసి ఆమె విమానం ముందుకి వెళ్లింది. సంచిలోంచి తొడుగు తీసింది. విప్పిన కుట్లని మళ్లీ అదే గీత మీద వేసుకొచ్చిన తొడుగు. బ్లేడు చివర పెట్టి లాగింది.

దిండుకి గలేబులా జారుకుంటూ ఎక్కేసింది. ముడతా లేదు, బిగుతూ లేదు.

"ఏమే," అన్నాడు భర్త వెనక నుంచి, ఒంటిమీద గడ్డి దులుపుకుంటూ. తన వదులు చొక్కాని రెండు చేతులా పట్టుకుని చాపి చూపించాడు. "చెక్కకి ఇంత బాగా కుదిరింది. నాకెప్పుడు కుదురుస్తావు?"

"మీకు మార్జిన్ ఉండాలి లెండి," అంది ఆమె తొడుగు తాడు ముడివేస్తూ.